రాత్రి డెస్కూ, ఇంగ్లిష్ నుడికారమూ

పెద్దాయన పోయారని పొద్దున్నే కబురు తెలిసింది. చెప్పింది ఆ రోజుల్లో పత్రికలో నాతోపాటు రాత్రి డ్యూటీ చేసిన మిత్రుడు. ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన ఆరోగ్యం, పిల్లలు, చివరి రోజులు, ఇవన్నీ కాసేపట్లో అయిపోయాయి. ఆ తరవాత మాటలు తిరిగి తిరిగి ఇంగ్లిష్ జాతీయాల దగ్గరికే వచ్చాయి. "టెంటర్‌హుక్స్ గుర్తుందా?" అన్నాడు వాడు. "హాబ్సన్ గుర్రాలో?" అన్నాను నేను. పోయిన మనిషిని తలచుకోవడానికి ఇదేం పద్ధతి అనుకునేవాళ్లు ఉండొచ్చు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లెవరూ అలా అనుకోరు.

ఆయన మా రాత్రి డెస్కుకి చీఫ్ సబ్, అంటే మేం రాసింది దిద్దే పెద్ద. ఎదురుగా 'గురువుగారూ' అనేవాళ్లం, చాటున 'పెద్దాయన' అనేవాళ్లం. వార్తాసంస్థల నుంచి ఇంగ్లిష్‌లో వచ్చే వార్తల్ని తెలుగు చెయ్యడం మా పని. చదువుకున్నామన్న ధైర్యంతో చేరాం గానీ, కాలేజీ ఇంగ్లిష్‌కీ వార్తల ఇంగ్లిష్‌కీ ఎంత దూరమో మొదట్లోనే తెలిసొచ్చింది. వాక్యంలో ప్రతి మాటకీ అర్థం తెలుసు, వాక్యానికి మాత్రం తెలియదు.

తీగ మీద వచ్చే వార్తల్ని కాగితం మీద అచ్చుకొట్టే టెలిప్రింటర్ల గది తలుపు తీస్తే చాలు, చప్పుడు మీద పడేది. మెషీన్లు వరసగా టకటకమంటూ కాగితం చుట్టల మీద కొట్టుకుంటూ పోయేవి. అన్నీ పెద్దక్షరాలే. ఏది మనిషి పేరో, ఏది మామూలు మాటో మనమే చూసుకోవాలి. ముఖ్యమైన వార్త వస్తే మెషీను గంట కొట్టేది. ఆ గంటకి అందరికన్నా ముందు పెద్దాయన లేచేవారు. స్కేలు అడ్డం పెట్టి కాగితాన్ని చర్రున చింపి, నడుస్తూనే చదివి, మా ముందు పెట్టేవారు. పెట్టేలోపు ఎక్కడైనా నుడికారం కనిపిస్తే దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసేవారు. గీత ఉందంటే, దాన్ని ముట్టుకునే ముందు ఆయన దగ్గరికి వెళ్లాలని లెక్క.

వెళ్తే వెంటనే అర్థం చెప్పేవారు కాదు. "ఇది ఎవరి పనిలోంచి వచ్చిన మాటోయ్?" అని అడిగేవారు. అర్థం డిక్షనరీలో దొరుకుతుంది, పనివాడు దొరకడు అన్నది ఆయన వాదన. పనివాడు కళ్ల ముందు కనిపిస్తే అర్థం దానంతటదే వస్తుందని గట్టిగా నమ్మేవారు.

*

నాకు పడిన మొదటి గీత ఇంకా గుర్తుంది. ఎక్కడో గని కూలింది. లోపల చిక్కుకున్నవాళ్ల కోసం కుటుంబాలు బయట కాచుకుని ఉన్నాయి. 'ఆన్ టెంటర్‌హుక్స్' అని ఉంది కాపీలో. డిక్షనరీ 'ఆత్రుత' అంటోంది.

"ఎవరి పనిలోంచి వచ్చింది?"

"తెలీదండీ."

"బట్టల పనిలోంచి" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇంగ్లండులో ఉన్నిబట్ట నేశాక దాన్ని నీళ్లలో బాగా దంచి శుభ్రం చేసేవాళ్లట. తడిసిన ఉన్ని ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. అలా కాకుండా ఆరుబయట పొడవాటి కొయ్య చట్రాలకి బిగించి ఆరబెట్టేవాళ్లు. ఆ చట్రం పేరు టెంటర్. దాని పొడవునా వంకర మేకులు. బట్ట అంచుల్ని ఆ మేకులకి గుచ్చి గట్టిగా లాగి పెడితే, పూర్తిగా ఆరేదాకా అది అలాగే బిగుసుకుని ఉంటుంది. ఆ మేకులే టెంటర్‌హుక్స్.

చెబుతూ జేబులోంచి రుమాలు తీసి, రెండు చేతులా అంచులు పట్టుకుని లాగి చూపించారు. "ఆ గని దగ్గర నుంచున్న తల్లి ఇప్పుడిలా ఉంది. అది రాయి."

వెనక్కొచ్చి 'ముళ్ల మీద కూర్చున్నట్టు' అని రాశాను. ఆయన చదివారు. ఎర్ర పెన్సిలు ఆ మాట దగ్గర ఆగకుండా కిందికి వెళ్లింది. అంతకన్నా పెద్ద మెప్పు ఆయన దగ్గర ఉండేది కాదు.

ఆయన దగ్గర కూర్చున్నకొద్దీ అర్థమైంది, ఈ మాటల్లో చాలా భాగం ఇప్పుడు ఎవరూ చెయ్యని పనుల్లోంచే వచ్చాయని. 'ఫ్లాష్ ఇన్ ద పాన్' అంటే పాత తుపాకీ. గొట్టం పక్కన చిన్న పళ్లెం, అందులో చిటికెడు మందు. చెకుముకి రాయి నిప్పురవ్వ దాన్ని అంటించాలి, ఆ మంట చిన్న రంధ్రం గుండా గొట్టంలోకి వెళ్లి అసలు మందుని పేల్చాలి. ఒక్కోసారి పళ్లెంలో మందు భగ్గుమని మెరిసి ఊరుకుంటుంది, గుండు కదలదు. ఒక్క మ్యాచ్‌లో మెరిసి మాయమైన ఆటగాడి గురించి ఇంగ్లిష్ విలేఖరి ఆ మాట వాడాడంటే, ఆ పొగ చూసి వాడాలన్నమాట. 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' కూడా ఆ తుపాకీదే. పేల్చే యంత్రం, భుజానికి ఆనించే కొయ్య, గొట్టం, ఈ మూడూ కలిస్తేనే మొత్తం తుపాకీ. అందుకే 'ఏదీ మిగల్చకుండా' అని అర్థం. ఒక కంపెనీ ఊరు వదిలి వెళ్లిపోయిన వార్తలో మిత్రుడు దానికి 'తట్టాబుట్టా సర్దుకుని' అని పెట్టాడు. పెద్దాయన ఆ కాగితం తీసుకెళ్లి పక్క డెస్కువాళ్లకి కూడా చూపించారు.

*

ఓడల మాటలకైతే ఆయన బొమ్మలు వేసేవారు. టెలిప్రింటర్ కాగితం వెనకవైపు తెరచాప, దాని మీదికి గాలి బాణాలు. 'బై అండ్ లార్జ్' అని రోజుకి ఎన్ని వార్తల్లో వచ్చేదో లెక్కలేదు. మేం 'మొత్తం మీద' అని రాసేసేవాళ్లం, అది సరైనదే. అయినా ఆయన బొమ్మ వెయ్యకుండా వదల్లేదు. గాలికి వీలైనంత ఎదురుగా ఓడని నడపడం 'బై'. గాలి వెనకనుంచీ పక్కనుంచీ ధారాళంగా వీస్తుంటే నడపడం 'లార్జ్'. రెండు రకాలుగానూ బాగా నడిచే ఓడ అన్ని పరిస్థితుల్లోనూ పనికొస్తుంది. 'టేకెన్ అబ్యాక్' కూడా తెరచాప మాటే. గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగి చాపని వెనక్కి, స్తంభం మీదికి నొక్కేస్తే ఓడ ఉన్నచోటే తడబడి ఆగిపోతుంది. నిర్ఘాంతపోవడం అంటే అది. ఆ బొమ్మ చూశాక ఆ మాట కనిపించినప్పుడల్లా నాకు చాప కొట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది.

ఇంగ్లిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ కథ మాత్రం ఆయన చెప్పగా వినాల్సిందే. పెద్ద పదవిలో ఉన్నాయన తన కిందివాళ్ల అక్రమాల్ని పట్టించుకోలేదని ఒక వార్త, అందులో 'టర్న్డ్ ఎ బ్లైండ్ ఐ'. పెద్దాయన గ్యాలీ ప్రూఫు ఒకటి తీసుకుని గొట్టంలా చుట్టి లేచి నిలబడ్డారు. 1801, కోపెన్‌హాగన్ యుద్ధం. యుద్ధం ఆపమని పైఅధికారి పార్కర్ ఓడ మీద జెండాలతో సంకేతం ఇచ్చాడు. నెల్సన్‌కి ఆపడం ఇష్టం లేదు. అతనికి అంతకు ఏడేళ్ల ముందు, 1794లో, కోర్సికాలో జరిగిన పోరులో కుడికంటి చూపు పోయింది. దుర్భిణి ఆ కంటికే పెట్టుకుని, సంకేతం నిజంగా కనిపించడం లేదని అన్నాడట. యుద్ధం కొనసాగించి గెలిచాడు.

ప్రూఫు గొట్టాన్ని కుడికంటికి పెట్టుకుని ఆయన మా అందరివైపూ ఒక చుట్టు చూశారు. తరవాత గొట్టం దించి, "దుర్భిణి ముచ్చట తరవాతివాళ్లు కల్పించిందని అనేవాళ్లున్నారు. కన్ను పోయిన మాట, గెలిచిన మాట మాత్రం నిజం" అని కూర్చున్నారు. కథ ఎంత బాగా పండినా ఈ చివరి మాట చేర్చకుండా ఉండేవారు కాదు. అప్పట్లో ఆ చివరి మాట మాకు రుచించేది కాదు. ఇప్పుడు ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

*

అర్ధరాత్రి దాటాక కాపీ వెళ్లిపోయి, పేజీలు కట్టేలోపు కొంచెం తెరిపి దొరికేది. అప్పుడు ఆయన వెనక నేనూ కంపోజింగ్ సెక్షన్‌లోకి వెళ్లేవాణ్ణి. సీసం, సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. కేసుల ముందు, అంటే అక్షరాల పెట్టెల ముందు, నిలబడి కంపోజిటర్లు చూడకుండానే అక్షరాలు ఏరి స్టిక్కులో పేరుస్తుండేవాళ్లు. వాళ్ల వేళ్ల వేగం చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు.

ఇంగ్లిష్‌వాళ్లు పెద్దక్షరాల్ని 'అప్పర్ కేస్' అని, చిన్నక్షరాల్ని 'లోయర్ కేస్' అని ఎందుకంటారో అక్కడ తెలిసింది. పైపెట్టెలో పెద్దవి, కిందిపెట్టెలో చిన్నవి, అంతే. కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టే పిల్లలు కూడా ఆ కొయ్యపెట్టెల పేరే పలుకుతున్నారు.

స్టీరియో సెక్షన్ ఇంకా వేడిగా ఉండేది. పేర్చిన పేజీ మీద తడి అట్ట నొక్కి మూస తీసి, ఆ మూసలో కరిగిన సీసం పోసి, పేజీ మొత్తాన్ని ఒకే పలకగా పోత పోసేవాళ్లు. ఆ పలక పేరు స్టీరియోటైప్. ఒక జాతినో కులాన్నో ఆడవాళ్లనో ఒకే మూసలో చూడటాన్ని ఇంగ్లిష్‌లో ఆ మాటతోనే అంటారు. అదే పలకని ఫ్రెంచ్ అచ్చుపనివాళ్లు 'క్లిషే' అనేవాళ్లు. పెద్దాయన ఒక పాత పలక నా చేతిలో పెట్టి, "ఎంత బరువుందో చూడు" అన్నారు. తరవాత తన బాధ చెప్పుకొచ్చారు. నుడికారం మొదట వాడినవాడికి అందులో బతుకు ఉంటుంది. టెంటర్ చట్రాలు చూసినవాడు ఆ మాట అన్నప్పుడు విన్నవాడికి ఒళ్లు జలదరిస్తుంది. వందమంది వందసార్లు వాడాక అది పోత పోసిన పలక అయిపోతుంది, అందులో ఏ అక్షరమూ మార్చలేం. మనం తెలుగు చేసేది ఆ పలకనా, దాని వెనక మనిషినా అని ప్రతిసారీ చూసుకోవాలన్నారు. పలకే అయితే నిర్మొహమాటంగా తీసెయ్యమన్నారు.

పాత్రికేయానికి సంబంధించి నాకు ఎవరిచ్చిన సలహాల్లోనైనా అంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

కంపోజింగ్‌లోనే ఇంకో మాట ఉంది. విడి అక్షరాన్ని ఇంగ్లిష్ అచ్చుపనిలో 'సార్ట్' అంటారు. ఒక అక్షరం కేసులో అయిపోతే పని ఆగిపోతుంది, కంపోజిటర్‌కి చిరాకు. 'అవుట్ ఆఫ్ సార్ట్స్' అంటే ఒంట్లోనో మనసులోనో బాగాలేకపోవడం. రెండూ చక్కగా అతికినట్టున్నాయి కదా అని ఫోర్‌మన్ సంబరంగా చెప్పాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. అచ్చుపనితో సంబంధం లేకుండానే ఆ మాట పూర్వం నుంచీ ఉందని, అతికినంత మాత్రాన పుట్టుక అదే కావాలని లేదని ఆయన వాదన. ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. వాళ్లిద్దరి మధ్య ఆ వాదం అలా సాగుతూనే ఉండేది.

*

ఆయనకి కోపం తెప్పించే మాట 'హాబ్సన్స్ చాయిస్'. రెండు చెడ్డదారుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఆ మాట వాడేస్తుంటారు. ఇంగ్లిష్‌వాళ్లే వాడేస్తుంటారు. ఆయన మాత్రం థామస్ హాబ్సన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నంత పట్టుదలగా మాట్లాడేవారు. హాబ్సన్ కేంబ్రిడ్జిలో ఉత్తరాలూ సరుకులూ లండన్‌కి చేరవేసేవాడు, గుర్రాలు అద్దెకిచ్చేవాడు. 1631లో చనిపోయాడు. విశ్వవిద్యాలయం కుర్రాళ్లు వచ్చి మంచి గుర్రం ఏదో చూసుకుని దాన్నే అడిగేవాళ్లు. అలా ఇస్తే వేగంగా పరిగెత్తే గుర్రాలే రోజూ అలిసిపోయి చస్తాయి. అందుకని హాబ్సన్ ఒక పద్ధతి పెట్టాడు. సాలలో తలుపుకి దగ్గరగా ఏ గుర్రం ఉంటే అదే తీసుకోవాలి, ఇష్టం లేకపోతే నడిచి పోవచ్చు. తిరిగొచ్చిన గుర్రం వరస చివరికి వెళ్తుంది.

"వాడు గుర్రాల మీద దయతో పెట్టిన నియమమోయ్ అది" అనేవారు. "రెండు గుర్రాలు చూపించలేదు. ఒక్కటే. ఉంటే అది, లేకపోతే లేదు." ఆ మాట సరిగ్గా వాడిన కాపీ వస్తే 'గత్యంతరం లేక' అని రాసేవాళ్లం. తప్పుగా వాడిన కాపీ వస్తే హాబ్సన్‌ని పక్కన పెట్టి 'ముందు నుయ్యి వెనక గొయ్యి' అని రాయించేవారు.

జాన్ డెన్నిస్ మీద కూడా ఆయనకి జాలి. 1709లో డ్రూరీ లేన్ థియేటర్లో అతని నాటకం వేశారు. దాని కోసం ఉరుము చప్పుడు పుట్టించే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టాడు. నాటకం ఆడలేదు, తీసేశారు. కొన్నాళ్లకి అదే థియేటర్లో 'మాక్‌బెత్' చూడ్డానికి వెళ్తే, వేదిక మీద తన ఉరుమే వినిపించింది. నా నాటకాన్ని ఆడనివ్వరు గానీ నా ఉరుముని దొంగిలిస్తారా అని లేచి అరిచాడని చెబుతారు. ఇంకొకరి ఘనతని ముందుగానే కొట్టేసేవాళ్లని 'స్టీలింగ్ సమ్‌వన్స్ థండర్' అనడం దాన్నుంచే. నాటకం ఎవరికీ గుర్తులేదు. ఉరుము నిలిచింది.

అందరికన్నా ఎక్కువగా ఆయన మనసుకి దగ్గరైన మనిషి మాత్రం విలియం టిండేల్. ఎందుకంటే అతనూ అనువాదకుడే. బైబిల్‌ని మామూలు జనం మాట్లాడే ఇంగ్లిష్‌లోకి తేవాలని దేశం వదిలి వెళ్లి, దాక్కుంటూ పనిచేశాడు. అతన్ని పట్టుకుని, 1536లో చంపి కాల్చేశారు. 'స్కేప్‌గోట్' అన్న మాట అతను 1530లో తన అనువాదం కోసం కట్టిందే. మేలిమి మనుషుల్ని 'ద సాల్ట్ ఆఫ్ ది ఎర్త్' అనడమూ, అధికారంలో ఉన్నవాళ్లని 'ద పవర్స్ దట్ బీ' అనడమూ అతని ఇంగ్లిష్‌లోంచి వచ్చినవే. 1611లో రాజు పేరు మీద వెలువడిన బైబిల్‌లో అతని వాక్యాలు చాలావరకు అలాగే ఉండిపోయాయి.

'స్కేప్‌గోట్'కి మేం 'బలిపశువు' అని రాస్తాం, పాఠకులకి అది అలవాటైపోయింది. ఆయన దాన్ని కొట్టెయ్యలేదు. కానీ అసలు కథ చెప్పారు. బైబిల్‌లో చెప్పిన యూదుల పూజలో రెండు మేకలు ఉంటాయి. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండో దాని తల మీద యాజకుడు చేతులుంచి, జనం పాపాలన్నీ దాని మీద మోపి, ప్రాణాలతో ఎడారిలోకి తోలేస్తారు. స్కేప్‌గోట్ ఆ రెండోది, వదిలేసిన మేక. చెయ్యని తప్పు మోస్తూ ఒంటరిగా తిరిగే జంతువు. ఒక ఆఫీసు కుంభకోణంలో చిన్న గుమస్తాని ఉద్యోగం లోంచి తీసేశారన్న వార్త వచ్చిన రాత్రి ఈ కథ చెప్పారు. మేం ఆ వార్తలో 'బలిపశువు' అనే రాశాం గానీ, గుమస్తా ఇంటికి నడిచి వెళ్తున్నట్టు మా కళ్లకి కనిపించింది. వార్త కొంచెం పెద్దది చేసి మంచి చోట వేశారు పెద్దాయన.

*

స్పోర్ట్స్ డెస్కువాళ్లతో మాకు ఎప్పుడూ పేచీనే. వాళ్ల మాటలు మా వార్తల్లోకి వచ్చేస్తాయి. మంత్రి 'స్టిక్కీ వికెట్' మీద ఉన్నాడని, అంటే చిక్కులో పడ్డాడని, ఒక ఇంగ్లిష్ కాపీ. పిచ్ మీద కప్పడానికి ఏమీ వెయ్యని రోజుల్లో, వాన పడి ఎండ కాసి పైపొర ఆరుతుంటే, బంతి ఎటు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కి తెలిసేది కాదు. ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లన్నిట్లో పిచ్‌లు కప్పేస్తారు. ఆ వికెట్ ఆటలోంచి పోయింది, రాజకీయ వార్తల్లో ఉంది. 'హ్యాట్రిక్' కూడా మొదట క్రికెట్‌దే. 1858లో షెఫీల్డ్‌లో స్టీఫెన్సన్ అనే బౌలర్ వరస బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, చందాలు పోగుచేసి టోపీ బహుమతిగా ఇచ్చారు. ఈ రోజు మూడోసారి గెలిచిన ప్రతి ఎమ్మెల్యేకీ మనం హ్యాట్రిక్ కట్టబెడుతున్నాం. బాగానే ఉంది.

'రీడ్ ద రయట్ యాక్ట్' కూడా మాకు స్పోర్ట్స్ వార్తలోనే ఎదురైంది. కోచ్ ఆటగాళ్లని బాగా చీవాట్లేశాడని వార్త. బ్రిటన్‌లో 1715 నుంచి అమలైన చట్టం అది. పన్నెండు మంది, అంతకన్నా ఎక్కువమంది గుమిగూడి అల్లరి చేస్తుంటే అధికారి వాళ్ల ముందు నిలబడి రాజు పేరున ఒక ప్రకటన బిగ్గరగా చదవాలి. చదివాక గంటలోగా చెదిరిపోకపోతే మరణశిక్ష పడే నేరం. ఇంగ్లండులో 1967లో గానీ దాన్ని తీసెయ్యలేదు. నిజంగా చదివేవాళ్లన్నమాట, కాగితం పట్టుకుని, ఆ గోలలో.

అన్నిటికన్నా మా రోజువారీ మాట 'డెడ్‌లైన్'. ప్రతి అరగంటకీ ఎవరో ఒకరు అరిచేవాళ్లు. ఒక రాత్రి టెన్షన్ బాగా పెరిగి, కేకలు మించిపోయాక, పనయ్యాక మా అందరినీ కూర్చోబెట్టి దాని సంగతి చెప్పారు. అమెరికా అంతర్యుద్ధం రోజులు. జార్జియాలో ఆండర్సన్‌విల్ అనే చోట యుద్ధఖైదీల శిబిరం. చుట్టూ ఎత్తైన దుంగల గోడ. గోడకి కొన్ని అడుగుల ఇవతల లోపలివైపు తక్కువ ఎత్తులో కొయ్యకంచె. ఖైదీ దాన్ని దాటితే, కాపలావాళ్లు హెచ్చరించే పని లేదు, కాల్చెయ్యొచ్చు. ఆ గీత పేరు డెడ్‌లైన్. 1864 నాటి శిబిరం అది. పత్రికల్లోకి ఆ మాట ఆ తరవాతి శతాబ్దంలో వచ్చింది.

ఎవరూ మాట్లాడలేదు. ఆయన కూడా ఏ సుద్దీ చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయన 'డెడ్‌లైన్' అనడం మాత్రం మేం వినలేదు. "టైమెంతైందోయ్?" అనేవారు, అంతే. మేమూ నెమ్మదిగా అదే అలవాటు చేసుకున్నాం.

*

కుండపోతగా వాన కురుస్తున్న రాత్రి 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గురించి అడిగితే ఆయన నోటు పుస్తకం తీశారు. గట్టి అట్ట పుస్తకం. ఎడమవైపు నుడికారం, కుడివైపు ఎవరి పనిలోంచి వచ్చిందో. కొన్నిటి పక్కన ఎర్ర పెన్సిలుతో ప్రశ్నార్థకం. ఈ పిల్లులూ కుక్కలకి పెద్ద ప్రశ్నార్థకమే ఉంది. 1651లో ఒక కవి కుక్కలూ పిల్లులూ వానగా కురవడం గురించి రాశాడు, 1738లో జొనాథన్ స్విఫ్ట్ రచనలో ఇప్పటి మాట కనిపిస్తుంది. ఎందుకు పిల్లులు, ఎందుకు కుక్కలు అన్నది అక్కడ ఖాళీ.

ఆ ఖాళీ చూసి నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఇన్ని తెలిసిన మనిషి ఏదో ఒకటి చెప్పొచ్చు కదా. నమ్మేవాళ్లం కదా.

దాని విలువ చాలా ఏళ్ల తరవాత తెలిసింది. అప్పటికి టెలిప్రింటర్లు పోయాయి, సీసం పోయింది, కేసులు గోడౌన్‌కి వెళ్లాయి. ఆయన రిటైరయ్యారు. డెస్కు మీద కంప్యూటర్లు, అందరికీ ఈమెయిళ్లు. 1999 ప్రాంతంలో ఇంగ్లిష్ ప్రపంచమంతా ఒక ఈమెయిల్ చక్కర్లు కొట్టింది. పదహారో శతాబ్దపు జీవితం అంటూ ఒక్కో నుడికారానికీ ఒక్కో కథ. గడ్డికప్పుల మీద పిల్లులూ కుక్కలూ పడుకునేవట, వానకి జారి కిందపడేవట, అందుకే ఆ మాటట. బతికుండగానే పాతిపెడతారేమోనని శవం చేతికి గంట తాడు కట్టేవాళ్లట, 'సేవ్డ్ బై ద బెల్' అందుకేనట. అన్నీ కట్టుకథలు. 'సేవ్డ్ బై ద బెల్' బాక్సింగ్ మాట. కింద పడ్డవాణ్ణి లెక్క పూర్తయ్యేలోపు రౌండ్ ముగిసే గంట కాపాడుతుంది.

మా డెస్కులో కుర్రవాళ్లు ఆ ఈమెయిల్‌ని ఆదివారం పేజీకి తెలుగు చేసేశారు. అచ్చుకి వెళ్లేముందు ఎవరో ఆయనకి ఫోన్ చేసి చదివి వినిపించారు. ఆయన ఆ సాయంత్రమే ఆఫీసుకి వచ్చారు. చేతిలో అట్ట పుస్తకం. ఒక్కో కథకీ ఎదురుగా తనకి తెలిసిన ఆధారం చూపించి, ఆధారం లేనిచోట లేదని చెప్పి, వ్యాసం ఆపించి, దాని బదులు 'పుట్టుక తెలియని మాటలు' అని కొత్తది రాయించారు. ఈమెయిల్ కన్నా అదే బాగుంది. నేను పక్కనే కూర్చుని టైపు చేశాను.

ఆ రోజే ఒక కుర్రాడు నన్ను ఈమెయిల్లో 'సీసీ' అంటే ఏమిటని అడిగాడు. కార్బన్ కాపీ అంటే వాడికి బోధపడలేదు. రెండు కాగితాల మధ్య నల్లకాగితం పెట్టి రాయడం, కింది కాపీ మసకగా రావడం, రాత్రి ఇంటికెళ్లేసరికి వేళ్లన్నీ నల్లబడటం, ఇవన్నీ చెబుతుంటే పెద్దాయన వింటున్నారు. "మన పనీ నుడికారాల్లోకి వెళ్లిపోయిందోయ్" అన్నారు. సంతోషంగానే అన్నారు.

*

ఆ అట్ట పుస్తకం ఇప్పుడు వాళ్లమ్మాయి దగ్గర ఉంది. అంతా టైపు చేయించి నలుగురికీ అందేలా చేద్దామనుకుంటోంది. ప్రశ్నార్థకాలున్న పేజీలు మాత్రం ఫొటోలు తీసి నాకు పంపింది, "నాన్నగారి తరవాత వీటిని చూడగలిగింది మీరేనండీ" అని. ఆయన కాలంలో చేతికి అందని పాత పత్రికలు ఇప్పుడు కంప్యూటర్లో మాట కొట్టి వెతకడానికి దొరుకుతున్నాయి. రోజూ పొద్దున కొంతసేపు కూర్చుంటున్నాను.

మొదట పట్టుకున్నది 'ద హోల్ నైన్ యార్డ్స్'. అంతా, పూర్తిగా అని అర్థం. కుడివైపు ఆయన రాసుకున్నది ఇది: రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మర తుపాకులకి వాడిన తూటాల పట్టీ పొడవు తొమ్మిది గజాలని, అదంతా పేల్చేశామని పైలట్లు చెప్పుకునేవాళ్లని అంటారు. పక్కన ప్రశ్నార్థకం, దాని కింద మళ్లీ గీత. ఆయన అనుమానం నిజమే. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు చిన్న పత్రిక ఒకటి 1907లోనే ఆ మాట వాడింది. 1912లో కెంటకీలోని మరో చిన్న పత్రికలో 'ద హోల్ సిక్స్ యార్డ్స్' అని ఉంది. అంటే తూటాల పట్టీ కాదు, యుద్ధానికి చాలా ముందటిది, పైగా మొదట్లో ఆరు గజాలో తొమ్మిది గజాలో కూడా ఖాయం కాలేదు. దేని గజాలన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఆధారాలు రెండూ ఆయన రాత కింద రాశాను. యుద్ధం కథ కొట్టేశాను. ప్రశ్నార్థకం ఉంచాను. తరవాతి పేజీలో ఉన్నది 'మైండ్ యువర్ పీస్ అండ్ క్యూస్', అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుకోమని. అక్కడ ఫోర్‌మన్ చెప్పిన కారణం కూడా ఆయన చేతిరాతలో ఉంది. అతను ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో మిత్రుడు కనుక్కుంటానన్నాడు.